అమావాస్య పోటు నాడు చూసిన ఇల్లు

వంటింటి తొట్టిలో కెరాంగ్ కడుగుతున్నాను. బురదలో దొరికే ఈ చిప్పలను ఎన్ని నీళ్లతో కడిగినా నల్లటి మడ్డి దిగుతూనే ఉంటుంది. ఉప్పూ, కుళ్లిన ఆకూ కలిసిన ఆ వాసన బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా పదకొండో అంతస్తు ఇంటినిండా కమ్ముకుంది. భోజనాల బల్ల దగ్గర నా మనవరాలు ఫోనులో ఇళ్ల ఫోటోలు చూస్తోంది. దాని భర్తకు పెర్త్ దగ్గర ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పసిపిల్లలతో వచ్చే ఏడాది అక్కడికి వెళ్లిపోతున్నారు. "అమ్మమ్మా, ఇది సూడు. బీచ్‌కి ఫైవ్ మినిట్స్ లా," అంది, మాట చివర ఇక్కడివాళ్ల అలవాటు 'లా' తగిలించి. "పోటు ఎందాకా వస్తాదో అడిగినావా? అమాసకి ఎవలైనా ఎల్లి సూసినారా?" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. "ఇవన్నీ నీకు ఎవలు నేర్పినారు?" అంది అది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పేరు చెబితే మిగతాదీ చెప్పాల్సి వస్తుందని, "ఎవలో పాతకాలం మనిషిలే," అనేసి మళ్లీ కుళాయి తిప్పాను. ఎనభై దాటినా నా బుద్ధి మారలేదు.

ఆవిడ పేరు పైడమ్మ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగేళ్లు ఉన్నప్పుడు భీమిలి వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చాం. నాన్న అంతకు ముందే ఇక్కడి తోటల్లో కిరాణీగా, అంటే గుమాస్తాగా పనిచేసి, మమ్మల్ని తీసుకురావడానికి ఊరికి వచ్చారు. అప్పట్లో అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లకూ సర్కారుకూ పోరు నడుస్తోంది. దాన్ని యుద్ధం అనేవారు కాదు, ఎమర్జెన్సీ అనేవారు. కొండల వైపు రబ్బరు తోటలో నాన్నకు పెద్ద జీతం ఇస్తామన్నారు కానీ, ఆ దారిలో బస్సుల మీద కాల్పులు జరుగుతున్నాయని విని అమ్మ మొండికేసింది. "గంజి తాగైనా బతుకుదాం. నాకు నా గుంటలు కావాలి," అంది మా ఇద్దరినీ దగ్గరికి లాక్కుని. దాంతో సముద్రం వైపు వెతకడం మొదలుపెట్టారు. హుటాన్ మెలింటాంగ్‌లో నాన్న స్నేహితుడి ఇంటి వెనక గదిలో దిగాం. రెండు కొబ్బరి తోటల్లో గుమాస్తా పని ఖాళీగా ఉంది. ఒకటి ఏరు సముద్రంలో కలిసే చోట. రెండోది లోపలికి, సుంగై సుమున్ దగ్గర. ఎక్కడ కాపురం పెట్టాలన్నది నెలాఖరులోగా తేల్చుకోవాలి.

చేపల బజారులో తెలుగు మాట వినబడి అమ్మ ఆగిపోయింది. అలా పరిచయమైంది పైడమ్మ పెద్దమ్మ. నలభై దాటిన మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు. సుంగై సుమున్ తోటలో కొప్రా షెడ్డులో పని. రోజంతా కొబ్బరికాయలు చీల్చి ఎండబెట్టేది. ఆ ముక్కిపోయిన నూనె వాసన ఎన్ని స్నానాలు చేసినా ఆవిణ్ణి వదిలేది కాదు. మా సంగతి అంతా విని, "పిల్లల్తో వచ్చినారు. ఇల్లు సూసి దిగండి, గాలి సూసి దిగకండి. మా తోట మేలు," అంది. నాన్నకు ఈ సలహా రుచించలేదు. "తన తోటకే రమ్మంటోంది. తోడు కావాలి దానికి," అన్నారు ఇంటికొచ్చాక.

నాన్న అప్పటికే ఏటి ముఖం దగ్గరి ఇంటి మీద మనసు పారేసుకున్నారు. చెక్క నేల, విశాలమైన వరండా, ఎదురుగా సముద్రం, ఒంటికి తగిలే చల్లగాలి. మా వైపు ఇసుకదిబ్బల మీద ఇళ్లు అలాగే ఉంటాయి. అక్కడ చెయ్యి లోతు చెలమ తీస్తే మంచినీళ్లు ఊరతాయి, ఎంత పోటు వచ్చినా ఇసుక పీల్చేసుకుంటుంది. సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్లకు సముద్రం గురించి ఒకరు చెప్పాలా అన్నది ఆయన ధీమా. ఈ ఒడ్డున ఇసుక లేదనీ, ఉన్నదంతా బురదేననీ కళ్లతో చూస్తూనే ఉన్నా ఆయనకు తట్టలేదు. మా వాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేశారని తరవాత తెలిసింది. పైడమ్మ పెద్దమ్మ మాత్రం ఒకటే పట్టు పట్టింది. "అమాస పోటుకి ఓపాలి సూడండి బావూ. మిగతా దినాల్లో ఏ ఇల్లైనా బాగానే ఉంటాది."

అమావాస్య నాడు మధ్యాహ్నం పెద్దమ్మతో కలిసి అందరం ఆ ఇంటికి వెళ్లాం. ఏడు గంటలకు కర్ఫ్యూ. ఆరు దాటితే బస్సు లేదు. అయిదున్నరకు పోటు నిండుగా వచ్చి సముద్రాన్ని ఆపడానికి వేసిన మట్టికట్టకు జానెడు కింద ఆగింది. "చూసినావు కదా పైడమ్మా, కట్ట దాటలేదు. ఇంక పదండి," అన్నారు నాన్న. ఆవిడ కదల్లేదు. "ఉండండి లా. కట్టేపు సూడకండి. కాళ్ల కింద సూడండి." పెరటినిండా పీతలు తోడిన మట్టి గుట్టలు. వాటి పక్కన బొరియల్లోంచి నీళ్లు బుడబుడలాడుతూ పైకి వస్తున్నాయి. నేల చెమర్చింది, తడిసింది, కాసేపటికి మా కాళ్ల వేళ్లు మునిగాయి. తమ్ముడు కేరింతలు కొట్టాడు. ఆవిడ నూతిలోంచి నీళ్లు తోడి అమ్మ దోసిట్లో పోసింది. అమ్మ నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"కాచి తాగుతాం," అన్నారు నాన్న. ఆ మాటకు ఆవిడ చేద కింద పెట్టింది. "మేమూ ఇలాటింట్లోనే దిగినాం బావూ. కట్ట తెగనేదు. ఎవలూ మునగనేదు. నూతిలో ఉప్పు దిగినాది. కాచే తాగినాం. వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. వారం దినాల్లో నా గుంటలిద్దరూ ఎల్లిపోనారు. పెద్దోడికి దీనంత," అని నా వైపు చూసింది. ఏడవలేదు. నాన్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని బస్సు వైపు నడిచారు. ఆ వారమే సుంగై సుమున్‌లో చేరారు. అక్కడి ఇల్లు చిన్నది, గాలి లేదు, సముద్రం కనబడదు. పైకప్పు మీద పడ్డ వాన నీళ్లు పట్టుకునే పెద్ద తొట్టి మాత్రం ఉంది. వాన మొదలయ్యాక మొదటి నీళ్లు ఎంతసేపు వదిలెయ్యాలో, తొట్టి మూతికి గుడ్డ ఎలా కట్టాలో అమ్మకు ఆవిడే నేర్పింది. రెండేళ్లకు ఏటి ముఖం తోటలో పిల్లలకు జబ్బులు వచ్చి నాలుగు కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయని విన్నాం. నేనూ తమ్ముడూ ఒక్క రోజు కూడా మంచాన పడలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. ఒక దీపావళికి నాన్న తోటి గుమాస్తాలను భోజనానికి పిలిచారు. "సముద్రపు ఊరివాణ్ణి కదండీ, ఆ ఇల్లు చూడగానే పసిగట్టాను," అని కథంతా తనదిగా చెప్పుకున్నారు. కొప్రా షెడ్డు మనిషి మాట విని ఇల్లు ఎంచుకున్నానని చెప్పడం ఆయనకు నామోషీ. ఆవిడ అప్పుడు మా వెనక గుమ్మం మెట్టు మీద కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అంతా వింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు సెప్పొచ్చు కదా పెద్దమ్మా?" అన్నాను. "గుంటలు బాగున్నారు. ఎవలు సెప్తే ఏటి?" అని చారు పోసుకుంది. నాన్న మీద కోపంతో ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అంత గొప్ప న్యాయం నాది, పన్నెండేళ్లప్పుడు.

తరవాత నన్ను తెలుక్ ఆన్సన్ పట్నంలో ఇంగ్లీషు బడిలో వేశారు. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మెర్డేకా వచ్చినప్పుడు నాకు పదిహేను. తోట ఆఫీసు ముందు రేడియో పెట్టారు, పిల్లలకు మిఠాయిలు పంచారు. "మెర్డేకా అంటే ఏటమ్మా?" అని అడిగింది పెద్దమ్మ. "దేశం మనదైపోయింది పెద్దమ్మా," అన్నాను తెలివిగా. "మనదే?" అంది, వక్క నములుతూ. మనది కావాలంటే పౌరసత్వం కాగితం ఉండాలని, ఈ ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకుంటే సులువని, తరవాత కష్టమని నాన్న అన్నారు. మా కాగితాలు ఆయనే చూసుకున్నారు. ఆవిడకు చదువు రాదు, సంతకం రాదు, ఆఫీసులో తన తరఫున మాట్లాడేవాళ్లు కావాలి. "నేను తీసుకెల్తాను పెద్దమ్మా. బడి అయిపోయేసరికి బస్‌స్టాండు కాడికి రా," అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆ రోజు బడి వదిలాక ఇద్దరు స్నేహితురాళ్లతో వస్తున్నాను. ఒకమ్మాయి నాన్న పట్నంలో పెద్ద గుమాస్తా, ఇంకొకమ్మాయి వాళ్లది బట్టల కొట్టు. నేనూ పెద్ద ఇంటిదాన్నని వాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకునేదాన్ని. రోడ్డుకు అవతల, బస్‌స్టాండు స్తంభం పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. దాచుకున్న గళ్ల చీర కట్టుకుంది. తల్లో కనకాంబరాలు. కాళ్లకు చెప్పులు లేవు. ఓడ కాగితం, తోట కాగితాలు పెట్టుకున్న పాల డబ్బా గుండెకు ఆనించుకుంది. గాలి అటునుంచి వీస్తోంది. "ఐయో, కొప్రా నాత్తం," అని ముక్కు మూసుకుంది గుమాస్తా కూతురు. ఆ మాట నన్నే అన్నట్టు తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ నన్ను చూసింది. చెయ్యి ఎత్తింది. పేరు పెట్టి పిలవలేదు. నా పక్కనున్న వాళ్లను చూసి పిలవలేదని నాకు అప్పుడే తెలుసు. నేను మొహం తిప్పుకుని, వాళ్లిద్దరి చేతులూ పట్టుకుని, పక్క సందులోని ఐసు కొట్టులోకి దూరాను. ఎర్ర పాకం పోసిన ఐసు తిన్నాను. ఆఫీసు మూసే వేళ దాటేదాకా తింటూనే ఉన్నాను. బయటికి వచ్చేసరికి స్తంభం దగ్గర ఎవరూ లేరు.

"పైడమ్మ పని అయిందా?" అని అడిగారు నాన్న ఆ సాయంత్రం. "అయింది నాన్నా," అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన ఆ సంగతి మరిచిపోయారు. రేపు వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నాను, ఎల్లుండి అనుకున్నాను. మొహం చెల్లక కొప్రా షెడ్డు దారి మానేసి చుట్టూ తిరిగి బస్సుకు వెళ్లేదాన్ని. ఆవిడ మా ఇంటికి రావడం మానలేదు. నాకు పరీక్షలట కదా అని అమ్మను అడిగి, నేను లోపలి గదిలో ఉంటే బయటనుంచే వెళ్లిపోయేది. ఇంకొకరిని సాయం అడిగే అలవాటు ఆవిడకు లేదు. ఏడాది గడిచిపోయింది. గడువు దాటిందని నాకు తెలుసు. తెలిసి కూడా నోరు విప్పలేదు.

ఇంకో పన్నెండేళ్లకు, నేను టీచరునై, పెళ్లై, చంటిపిల్లతో పుట్టింటికి వచ్చినప్పుడు, పౌరసత్వం కాగితం లేనివాళ్లు పని చెయ్యాలంటే వేరే అనుమతి కావాలని రూలు వచ్చింది. పెద్దమ్మకు అనుమతి దొరకలేదు. పని లేకపోతే తోటలో గది ఉండదు. ముసలితనంలో, ముప్పై ఏళ్లకు పైగా చూడని ఊరికి ఓడెక్కాల్సి వచ్చింది. ఇక్కడ మట్టిలో కలిసిన ఇద్దరు పిల్లలను వదిలి వెళ్లాలి. చెప్పి వెళ్దామని మా ఇంటికి వచ్చింది. నాన్నకు ఆశ్చర్యం. "అదేటి పైడమ్మా? మెర్డేకా వచ్చిన ఏడాదే మా అమ్మాయి నిన్ను ఆఫీసుకి తీసుకెళ్లింది కదా?" అని నా వైపు చూశారు. అమ్మ చూసింది. నా భర్త చూశారు. ఒళ్లోని పిల్లను గట్టిగా పట్టుకున్నాను. నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

"తీసుకెల్లింది బావూ," అంది పెద్దమ్మ. "పాపం, ఆఫీసోలతో సేనాసేపు మాటాడింది. ఆలే కాదన్నారు." తరవాత నా ఒళ్లోంచి పిల్లను తీసుకుని, దాని అరికాళ్లు చూసి, "మీరు దిగిన ఇంట్లో నూతి నీలా, వాన నీలా?" అని నన్నే అడిగింది. "వాన నీళ్లే పెద్దమ్మా," అన్నాను. "అయితే సరే," అని పిల్లను నా చేతికిచ్చింది.

ఆవిడ ఊరు చేరిందో లేదో మాకు కబురు రాలేదు. ఆఫీసువాళ్లు అన్యాయం చేశారని నాన్న పోయేదాకా తిట్టుకుంటూనే ఉన్నారు. ఆయన తిడుతున్నంతసేపూ నేను పక్కనే ఉండి, ఔనన్నట్టు తల ఊపేదాన్ని. ఆ ఆఫీసులో ఎవరూ పైడమ్మ పెద్దమ్మను కాదనలేదు. ఆవిడ ఆ గుమ్మం ఎక్కనే లేదు. కాదన్నదాన్ని నేను.