పద్నాలుగో నల్లకోటు

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇరవై ఏడో నల్లకోటు మీద అభిప్రాయాలు వరసగా పడుతున్నాయి. ఒకరు మొదటి సగం బాగుంది, తర్వాత సాగదీశాడన్నారు. ఇంకొకరు లాయరుకీ రచయితకీ ఇద్దరికీ వయసైపోయిందన్నారు. ఒకావిడ కోర్టు సన్నివేశాలు వదిలేసి చదివితే చాలా బాగుందని రాసింది. కోర్టు నవలలో కోర్టు వదిలేస్తే మిగిలేదేమిటో ఆవిడే చెప్పాలి. నేను గంటసేపు కూర్చుని, సాక్షుల విచారణలో దొర్లిన పొరపాటు దగ్గర్నుంచి ముగింపు దాకా పేజీడు రాసి పెట్టాను. దానికి చెర్రీవుడ్ వైపు ఆఫీసులో పనిచేసే ఒకతని జవాబు, గ్రాండ్ అంకుల్, అని. ఐరిష్ వాళ్ళు దేనికైనా బాగుందనడానికి వాడే మాటది, ఈ దేశంలో వాన కురిసినా గ్రాండే, బస్సు తప్పిపోయినా గ్రాండే. నా పేజీడు అభిప్రాయం కూడా ఆ లెక్కలోనే పోయింది.

ఏడాదికొకటి చొప్పున వచ్చే ఆ ప్లీడరు నవలలకి పేర్లు వేరే ఉన్నా, ప్రతి అట్ట మీదా ఒక నల్లకోటు బొమ్మ ఉంటుంది గనక మేం వాటిని నంబర్లతోనే పిలుచుకునేవాళ్ళం. మేం అంటే, నగర శివారు టాలట్‌లో ఆసుపత్రికి దగ్గర్లో ఉండే మూడిళ్ళ వాళ్ళం, షానన్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు. ఆ రోజుల్లో పుస్తకం ఒక్కటే వచ్చేది, అదీ సెలవులకి వెళ్ళినవాళ్ళ సూట్‌కేసులో, పచ్చడి సీసాకీ చీరల మడతకీ మధ్య ఇరుక్కుని. ఆ ఒక్క కాపీ వరస ప్రకారం ఇల్లిల్లూ తిరిగేది. వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అంటించి ఉండేది. చదివిన ప్రతివాళ్ళూ అందులో నాలుగు పంక్తుల్లో తమ అభిప్రాయం రాయాలి, చదవడం పూర్తయ్యేదాకా ఇతరులు రాసింది చూడకూడదు. ఎవరి తర్వాత ఎవరన్న పట్టీ మా పెద్దమ్మ కూతురి దగ్గర ఉండేది. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆ అక్కయ్య, వార్డు డ్యూటీల పట్టీ రాసినంత కచ్చితంగా దాన్ని కూడా రాసేది. మొదటి వంతు తనది, రెండోది నాది, మూడోది బాబాయిగారిది, చివరిది తమ్ముడిది.

బాబాయిగారంటే మాకు చుట్టం కాదు. మా వీధి చివర ఉండే డాక్టరమ్మ తండ్రి, కూతురి దగ్గరే ఉండేవారు. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేసిన మనిషి. ఆయన చదివే పద్ధతి వేరు. నవల ఇంకో ఇరవై పేజీల్లో అయిపోతుందనగా పుస్తకం మూసేసి, దొంగ ఎవరో, ఏ కాగితం వల్ల దొరుకుతాడో ఒక చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటించేసేవారు. పూర్తిచేశాక అందరి ముందూ ఆ కవరు చింపేవారు. ఎక్కువసార్లు ఆయనదే ఒప్పయ్యేది. అలా ఒప్పయిన రోజున ఆయన ముఖం చూస్తే, చలికోట్లలో కుంచించుకుపోయిన ఆ మనిషి మళ్ళీ కోర్టు బార్ రూములో నలుగురి మధ్య నిలబడినట్టుండేది.

పద్నాలుగో నల్లకోటు వచ్చిన ఏడాది, నా వంతు వచ్చేసరికి అక్కయ్య ఫోన్ చేసింది.

"బాబాయిగారికి చూపు బాగా తగ్గిపోతోందిరా. వచ్చే ఏడాదికి చదవగలరో లేదో అంటోంది వాళ్ళమ్మాయి. ఈసారి నీ వంతు ఆయనకిద్దాం."

"వరసంటే వరసే అక్కయ్యా. ఒకసారి మారిస్తే ఇక పట్టీ ఎందుకు?"

"వారం రోజుల తేడారా."

"వారమే కదా, ఆయన్నే ఆగమను."

"నీకంటే ఇక్కడి గార్డ్స్ నయం. ఫైన్ వేసే ముందు ఆ పోలీసులైనా చెప్పేది కాస్త వింటారు," అని పెట్టేసింది. ఆ మాట ఇవాళ్టికీ నాకు గుర్తుంది.

పుస్తకం నేనే ముందు చదివాను. సగం దాటాక ఒక అఫిడవిట్ వస్తుంది, తొమ్మిదో తేదీన కోర్టులో అధికారి ఎదుట సంతకం చేసిందని. అంతకు ముందెక్కడో ఒక పెళ్ళి ప్రస్తావనలో ఆ నెల ఒకటో తేదీ శుక్రవారమని ఉంది. వేళ్ళ మీద లెక్కపెడితే తొమ్మిది రెండో శనివారమవుతుంది. రెండో శనివారం మన కోర్టులకి సెలవు. పద్నాలుగు నవలలు రాసినవాడికి ఆమాత్రం తెలియదా అని నాకు ఒళ్ళు మండింది. పెన్ను తీసి ఆ పేజీ అంచున, రెండో శనివారం కోర్టు లేదు, ఇది అబద్ధపు కాగితం, అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నవాణ్ణి, తప్పు కనబడితే చెయ్యి ఆగదు.

చివరి అధ్యాయంలో లాయరు లేచి నిలబడి చెప్పింది సరిగ్గా అదే. ఆ కాగితం దొంగది, ఎందుకంటే ఆ రోజు రెండో శనివారం. కేసంతా ఆ ఒక్క తేదీ మీదే నడిచింది.

సిరా చెరగదు. పైన ఒక కాగితం ముక్క అంటించవచ్చునని నాకు తోచకపోలేదు. కానీ పాఠకుణ్ణి పక్కదారి పట్టించింది రచయిత, దాచుకోవలసిన పని నాకేమిటి అనిపించింది. అలాగే పంపేశాను.

పది రోజుల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయిగారు కిటికీ దగ్గర భూతద్దం పట్టుకుని కూర్చున్నారు.

"రావోయ్. ప్లీడరు కంటే ముందే లేచి వాదించేశావే," అన్నారు నవ్వుతూ.

"రచయిత పొరపాటనుకున్నాను బాబాయిగారూ."

"రెండో శనివారమని మర్చిపోయి, ఫైళ్ళు మోసుకుంటూ కోర్టుకెళ్ళి, గేటు తాళం చూసి తిరిగొచ్చినవాణ్ణోయ్ నేను. ఇది నేను పట్టుకునేవాణ్ణి." పక్కనున్న కవరు చూపించారు. అది ఖాళీగా ఉంది. "ఈసారి దీంతో పనిలేకపోయింది."

క్షమించమనే మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం కనిపించింది. నేను రాసినచోట తెల్లకాగితం ముక్క, మైదా జిగురుతో, అంచులు సరిగ్గా కత్తిరించి అంటించి ఉంది.

"నా రాత మూసేశారేం?" అన్నాను.

"వెనకాల మీ తమ్ముడున్నాడుగా."

తిట్టినా పడేవాణ్ణి. నా మాట మీద ఎవరో కాగితం అంటించడం మాత్రం నేను భరించలేకపోయాను. డాక్టరమ్మ తెచ్చిన టీ తాగకుండానే లేచి వచ్చేశాను. తమ్ముడు మాత్రం వెనక కాగితంలో, ఈ ముగింపు అస్సలు ఊహించలేదు, ఇంతవరకూ వచ్చిన వాటిలో ఇదే గొప్ప, అని రాశాడు. రచయిత అన్యాయం చేశాడని నేను రాశాను. బాబాయిగారికి వదిలిన నాలుగు పంక్తులూ ఖాళీగా ఉన్నాయి.

పదిహేనో నల్లకోటుకి వచ్చిన పట్టీలో నా పేరు అట్టడుగున, తమ్ముడి కింద ఉంది. ఎందుకని అడిగితే, "ఒక్కసారి ఆ పెద్దాయన్ని సారీ అడుగు, పైకి రాస్తాను," అంది అక్కయ్య. నేను అడగలేదు, ఆ పుస్తకమూ తీసుకోలేదు. అప్పటికే బాబాయిగారికి అక్షరాలు కనబడటం లేదనీ, అక్కయ్య డ్యూటీ దిగి ఆసుపత్రి ఎదుటి లువాస్ ట్రామ్ స్టాపు దగ్గర్నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళి రోజుకో అధ్యాయం చదివి వినిపిస్తోందనీ మా ఆవిడ చెప్పింది. వాళ్ళిల్లు మాకు పది నిమిషాల నడక. చదవడానికి నేనూ వెళ్ళి ఉండవచ్చు. నన్ను ఎవరూ పిలవలేదన్న మాట పట్టుకుని కూర్చున్నాను. ఆ పై చలికాలంలో ఆయన పోయారు. దహనానికి వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చాను.

తర్వాత పట్టీ ఆగిపోయింది. అక్కయ్య తమ్ముడికి దగ్గరగా ఉంటానని షానన్ వైపు వెళ్ళిపోతూ ఆ పుస్తకాలన్నీ ఒక అట్టపెట్టెలో మా ఇంట్లో పడేసింది. పద్నాలుగోది మాత్రం నేను తీసి వంటింటి ప్రెస్సులో, అంటే గోడ అలమరలో, పై అరలో పెట్టుకున్నాను. జిగురు ఇంకా ఊడలేదు. ఊడదియ్యాలని నేనూ ప్రయత్నించలేదు.

ఇప్పుడు పుస్తకం కోసం ఎవరూ ఎవరి వెనకా ఆగక్కర్లేదు. అందరికీ ఒకే రోజున ఫోన్లోకి వచ్చేస్తుంది, అందరూ ఒకే రోజున మూడు నక్షత్రాలిచ్చి మర్చిపోతారు. నేను మాత్రం అట్ట ఉన్న పుస్తకమే తెప్పించుకుంటాను. ఇరవై ఏడో దాంట్లో ఒక వాయిదా తేదీ నాకు తేడాగా తోచింది. పేజీ అంచున రాశాను, పెన్సిలుతో, తేలిగ్గా, చెరిపితే పోయేలా. అలవాటు మార్చుకోవడానికి నాకు పదమూడేళ్ళు పట్టింది. నా తర్వాత ఆ పుస్తకం ఇక ఏ ఇంటికీ వెళ్ళదు.