సివ్ సంతకం పెట్టలేదు

సివ్ హెడ్‌లుండ్ ఎవరింటికి వెళ్ళినా ముందు బాత్రూమ్ చూపించమనేది. కాఫీ, కబుర్లు ఆ తర్వాతే. గోడ మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేది. "ఇది బోలుగా మోగుతోంది. ఎవడు వేశాడు దీన్ని?" అని ఇంటివాళ్ళని నిలదీసేది. మా భవనంలో మాత్రం ఆ ప్రశ్న అవసరం లేదు. ఇరవై నాలుగు వాటాల్లోనూ బాత్రూమ్ టైల్స్ వేసింది ఆమే.

ఉత్తరాన అడవుల్లో చెట్లు నరికే కూలీ కూతురు. పదిహేడో ఏట ఈ యేవ్లె ఊరికి వచ్చి ఒక టైల్స్ మేస్త్రీ దగ్గర పనికి కుదిరింది. అప్పట్లో ఆ పనిలో ఆడవాళ్ళు లేరు. మొదటి రోజే ఒకడు, "ఏం పాపా, కాఫీ పెట్టడానికొచ్చావా?" అన్నాడట. "కాఫీ నువ్వు పెట్టు. నీ గోడ వంకరగా ఉంది, ఈలోగా నేను సరిచేస్తా" అందట ఈమె. ఇది ఆమె నోటే విన్నాను కాబట్టి కాస్త పెంచి చెప్పిందేమో నాకు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు మోకాళ్ళ మీదే గడిపింది. చివరికి ఆ రెండు మోకాళ్ళూ అరిగిపోయి పని మానాల్సి వచ్చింది. కాగితం మిల్లులో పనిచేసే భర్త రూనె అంతకు రెండేళ్ళ ముందే చనిపోయాడు. పిల్లలు లేరు.

నేను ఆమె పైవాటాలో ఉంటాను. పేరు ఇంగెమార్. రిటైరయ్యేదాకా ఈ ఊళ్ళోనే బస్సు నడిపాను. చెప్పబోయేది ఆమె కథే అయినా, అందులో నేను తల దించుకోవాల్సిన చోటు ఒకటుంది. దాన్ని దాటేసి చెప్పడం నాకు చేతకాదు.

మా పాత ఓనరు బెర్టిల్ నోర్డీన్ అనే పెద్దాయన. కుళాయి కారుతోందని ఫోన్ చేస్తే తానే పానా పట్టుకుని వచ్చేవాడు. బాత్రూములు బాగు చేయించాలనుకున్నప్పుడు, కింద ఉన్న సివ్‌నే పిలిచి పని అప్పజెప్పాడు. ఆయన పోయాక పిల్లలు భవనాన్ని స్టాక్‌హోమ్‌లో ఆఫీసున్న ఒక కంపెనీకి అమ్మేశారు. ఆ కంపెనీ పేరు రెండేళ్ళలో మూడుసార్లు మారింది. మేం పేరు గుర్తుపెట్టుకోవడం మానేసి కంపెనీ అనడం మొదలుపెట్టాం.

కంపెనీ కొన్న మూడో ఏడు ఫిబ్రవరిలో అందరినీ సెల్లారులో సైకిళ్ళు పెట్టే గదికి రమ్మన్నారు. దాల్చినచెక్క బన్నులు, ఫ్లాస్కుల్లో కాఫీ. కంపెనీ తరఫున యోఆకిమ్ అనే కుర్రాడు వచ్చాడు. బయట మోకాలి లోతు మంచుంటే పల్చటి తోలు బూట్లు వేసుకున్నాడు. గోడ మీద పెద్ద బొమ్మలు చూపించాడు. తెల్లటి వంటిళ్ళు, నల్లటి బాత్రూములు, తువ్వాలు వేడిచేసే కడ్డీ.

"పైపులు పాడైపోయాయండీ. అరవైల్లో వేసినవి. మార్చక తప్పదు. మారుస్తున్నాం కాబట్టి వంటిల్లు, బాత్రూమ్ కూడా పూర్తిగా కొత్తవి చేసిస్తాం. ఒప్పుకుంటున్నట్టు ఈ కాగితం మీద సంతకం పెడితే చాలు."

అద్దె ఎంత పెరుగుతుందో కాగితం చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఇప్పటి అద్దె మీద దాదాపు ఇంకో సగం.

"పెట్టకపోతే?" వెనకనుంచి సివ్ గొంతు.

"అద్దె తగాదాల మండలికి వెళ్తాం. అక్కడ మామూలుగా మేమే గెలుస్తాం. ఊరికే అందరికీ ఆలస్యం."

"ఆలస్యమైతే నష్టం ఎవరికి నాయనా? నాకేం తొందర లేదు."

కొందరు నవ్వారు. యోఆకిమ్ కూడా నవ్వాడు. "బాత్రూముల్లో నీరు దిగకుండా వేసిన పూత కాలం తీరిపోయిందండీ. మా టెక్నీషియన్ చెప్పాడు."

"మీ టెక్నీషియన్ ఏ ఇంట్లో చూశాడు? మా ఇంటికి రాలేదు. ఇంగెమార్, మీ ఇంటికొచ్చాడా?"

నేను రాలేదన్నట్టు తల ఊపాను.

"ఎవరింటికీ రాలేదు. మరి ఆ పూతని ఎలా చూశాడు, కలలోనా?"

యోఆకిమ్ మొహం ఎర్రబడింది. మీటింగు ముగిసింది. బన్నులు సగం మిగిలిపోయాయి.

మూడో రోజు పొద్దున యోఆకిమ్ నా తలుపు తట్టాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఈ నెలలోపు సంతకం పెట్టినవాళ్ళకి అద్దె మెల్లమెల్లగా పెంచుతామన్నాడు. పని జరిగినన్నాళ్ళూ ఉండటానికి దగ్గర్లోనే ఇల్లు ఇస్తామన్నాడు. చివర్లో, "మీలాంటి ప్రశాంతమైన మనిషికి మండలి, విచారణ ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడు. నిజంగానే నాకు గొడవలంటే భయం. పెన్ను కూడా అతనిదే. పెట్టేశాను.

సాయంత్రం బట్టలుతికే ఉమ్మడి గదిలో సివ్ కనిపించింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"పెట్టేశావా?"

"పెట్టేశాను."

"చదివావా?"

"లేదు."

ఆమె తన దుప్పట్లు మడతపెట్టి బుట్టలో వేసుకుంది. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపావు ఇంగెమార్. టికెట్ లేకుండా ఒక్కణ్ణీ ఎక్కనివ్వలేదు. వీణ్ణి ఎలా ఎక్కనిచ్చావు?" అనేసి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

వారం తిరిగేసరికి నాతో కలిపి పదమూడు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. సివ్ మాత్రం అద్దెకున్నవాళ్ళ సంఘం ఆఫీసుకి వెళ్ళి చట్టం కాగితాలు తెచ్చుకుంది. కళ్ళజోడు పెట్టుకుని మూడు రోజులు చదివింది. నాలుగో రోజు మెట్ల దగ్గర నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపింది.

"పైపులు మార్చడానికి మన సంతకం అక్కర్లేదు! వింటున్నారా? అది వాళ్ళు ఎలాగూ చేయాల్సిన రిపేరు. దానికి అద్దె పెంచకూడదు. మన సంతకం కావాల్సింది ఆ తెల్ల వంటింటికీ, ఆ వేడి కడ్డీకీ. పైపులని అడ్డం పెట్టుకుని కడ్డీ అమ్ముతున్నాడు!"

మూడో అంతస్తులో యోర్డానోస్ ఉంటుంది. ఎరిత్రియా నుంచి వచ్చింది. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేవ చేసే ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు. సివ్ ఆమె గంట మూడుసార్లు నొక్కింది. మూడోసారి యోర్డానోస్ తలుపు తీసి, "సివ్, నాకు గొడవలకి టైం లేదు. ఇప్పుడే డ్యూటీ దిగొచ్చా, కాళ్ళు లాగుతున్నాయి" అంది.

"నాకు టైం ఉంది, కాళ్ళు లేవు. నీకు కాళ్ళున్నాయి, టైం లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం. లోపలికి రానీ."

యోర్డానోస్‌కి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఇక తలుపు వేయలేకపోయింది. ఆ రోజు నుంచి యోర్డానోస్ మెట్లెక్కి దిగుతూ కబుర్లు మోస్తే, సివ్ తన వంటింట్లో కూర్చుని వచ్చినవాళ్ళకి కాగితాలు చదివి చెప్పేది. సంతకం పెట్టని పదకొండు ఇళ్ళూ అలాగే నిలబడ్డాయి.

అది తేలికగా జరగలేదు. బట్టలుతికే మిషన్లు రెండూ చెడిపోతే నెలరోజులు బాగుచేయలేదు. సంతకం పెట్టి, పని అయ్యేదాకా వేరే ఇంటికి మారినవాళ్ళ వాటాల్లో పొద్దున ఏడింటికే గోడలు పగలగొట్టడం మొదలుపెట్టేవారు. మెట్లన్నీ సిమెంటు దుమ్ము. యోర్డానోస్ చిన్నకూతురికి దగ్గు పట్టుకుంది. యోర్డానోస్ ఒకరోజు ఏడుస్తూ, పెట్టేస్తాను, ఇక నా వల్ల కాదు అంది. సివ్ వద్దనలేదు. మోకాళ్ళ నొప్పితో రైలింగు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి, కిటికీల సందులకీ తలుపు అంచులకీ తన చేత్తో టేపు అతికించింది. రెండు గంటలు పట్టింది. పిల్లకి వేడి పాలు కాచిచ్చి దిగిపోయింది. యోర్డానోస్ సంతకం పెట్టలేదు.

ఏప్రిల్లో యోఆకిమ్ ఒంటరిగా సివ్ ఇంటికి వచ్చాడు. నా వాటాలో పని ఇంకా మొదలవలేదు, నేను చెత్త సంచీతో కిందికి దిగుతున్నాను. తలుపు సగం తెరిచే ఉంది.

"మీరొక్కరే వీళ్ళందరినీ పట్టి ఉంచుతున్నారని మాకు తెలుసండీ. మీకోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేద్దామనుకుంటున్నాం. బాత్రూమ్ కొత్తది, వంటిల్లు కొత్తది. అద్దె మాత్రం ఇప్పుడున్నదే. మీరున్నంతకాలం. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

సివ్ లేచి వచ్చి తలుపు బార్లా తెరిచింది. నన్ను చూసింది. చూసినా ఆగలేదు.

"మళ్ళీ చెప్పు నాయనా. గట్టిగా చెప్పు. పైన యోర్డానోస్ ఉంది, ఆమెకీ వినపడాలి. ఇదిగో ఇంగెమార్ ఉన్నాడు, పాపం ముందే సంతకం పెట్టాడు, ఆయనకి ఈ ఏర్పాటు ఎందుకు లేదో ఆయనకే చెప్పు!"

పై అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. యోఆకిమ్ కోటు చేతిలోనే పట్టుకుని గబగబా దిగిపోయాడు. మెట్ల మీద తడబడ్డాడు. సివ్ వెనకనుంచి అరిచింది: "చూసుకో, ఆ బూట్లు జారతాయి!"

కంపెనీ మండలికి వెళ్ళింది. మే నెలలో మండలి సభ్యులు ముగ్గురు భవనం చూడటానికి వచ్చారు. వాళ్ళకి పెద్ద, జుట్టు నెరిసిన ఒక జడ్జీగారు. మిగతా ఇద్దరిలో ఒకరు ఓనర్ల తరఫు, ఇంకొకరు అద్దెకున్నవాళ్ళ తరఫు. కంపెనీ లాయరు, టెక్నీషియన్, యోఆకిమ్ కూడా ఉన్నారు. అందరూ సివ్ బాత్రూమ్ గుమ్మం దగ్గర కిక్కిరిశారు. నేనూ యోర్డానోస్ వెనక నిలబడ్డాం.

"టైల్స్ కింద పూత కుళ్ళింది. అన్ని ఇళ్ళలోనూ ఇదే పరిస్థితి" అన్నాడు టెక్నీషియన్. "పైగా బాత్రూమ్ పగలగొట్టకుండా పైపుల దగ్గరికి చేరలేం."

"పైపులు పాడయ్యాయి. నేను కాదనడం లేదు. మార్చండి" అంది సివ్. "కానీ అవి ఈ గోడలో లేవు. మెట్ల వైపు గోడ వెనక సందులో ఉన్నాయి. అటునుంచి తెరవండి. ఈ భవనం లోపల ఏముందో నాకు తెలుసు, నేను చూశా. ఇక పూత సంగతి." ఆమె వాష్‌బేసిన్ కిందనుంచి సుత్తి, ఉలి బయటికి తీసింది. టెక్నీషియన్ వైపు చూసింది. "ఎక్కడ పగలగొట్టమంటావు? నువ్వే చూపించు. అన్నిటికంటే ఎక్కువ కుళ్ళి ఉంటుందనుకున్న చోటు చూపించు."

లాయరు, "ఇది అవసరం లేదండీ" అన్నాడు.

"మీకు అవసరం లేదు. నాకుంది."

జడ్జీగారు టెక్నీషియన్‌కి సైగ చేశారు. అతను నీళ్ళు పోయే తూము పక్కన ఉన్న టైలు చూపించాడు. తడి ఎక్కువగా నిలిచేది అక్కడే. తెలివైన ఎంపిక.

సివ్ గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగింది. మోకాలు నేలకి ఆనగానే ముఖం బిగుసుకుంది. యోర్డానోస్ పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. ఉలి అంచు సందులో ఆనించి కొట్టింది. పాతికేళ్ళ కిందట తన చేత్తో వేసిన టైలు. మూడు దెబ్బలకి ముక్కలైంది. ముక్కలు ఏరి పక్కన పెట్టి, సిమెంటు గీకి, కింద బూడిదరంగు పూత బయటపెట్టింది. వేలితో రుద్దింది.

"మీరే ముట్టుకుని చూడండి."

జడ్జీగారు తన మంచి ప్యాంటుతోనే నేల మీద మోకరిల్లి పూత మీద వేలు పెట్టారు. చాలాసేపు తీయలేదు. "పొడిగా ఉంది" అన్నారు.

"ఇంకో చోట పగలగొట్టనా? ఎన్ని చోట్లయినా పగలగొడతా. నా టైల్సే."

టెక్నీషియన్ ఇంకో చోటు చూపించలేదు.

ఆగస్టులో తీర్పు వచ్చింది. కంపెనీ పైపులు మార్చుకోవచ్చు. ఒప్పుకోని పదకొండు ఇళ్ళలో బాత్రూములు, వంటిళ్ళు ముట్టుకోకూడదు. కంపెనీ పైకోర్టుకి వెళ్ళింది, అక్కడా ఓడింది. పైపులు మెట్ల వైపు నుంచే మార్చారు. ఒక్కో ఇంటికి నాలుగు రోజులు పట్టింది.

సంతకం పెట్టిన మా పదమూడు ఇళ్ళకి మాత్రం ఆ తీర్పు వర్తించలేదు. పెరిగిన అద్దె కట్టలేక నలుగురు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నేను ఆ అద్దె కోసం నాకున్న చిన్న పడవ అమ్మేసి ఉండిపోయాను. నా బాత్రూమ్ ఇప్పుడు నల్లగా మెరుస్తూ ఉంటుంది, తువ్వాలు వెచ్చగా ఉంటుంది. తీర్పు వచ్చాక సివ్ నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఒకరోజు నేనే, "నీకు నా మీద కోపం లేదా?" అని అడిగితే, "ఉంది. కానీ నువ్వు బాగా డ్రైవ్ చేస్తావు, నాకు కారు లేదు" అంది.

అలా ఇప్పుడు ప్రతి మంగళవారం నేనామెను ఊళ్ళో లైబ్రరీకి తీసుకెళ్తాను. వేరే వీధులవాళ్ళు, వేరే కంపెనీల ఉత్తరాలు పట్టుకుని అక్కడికి వస్తారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదువుతుంది. ఎవరి సంతకం దేనికి కావాలో, దేనికి అక్కర్లేదో వేలు పెట్టి చూపిస్తుంది. యోర్డానోస్ సెలవు దొరికినప్పుడు వచ్చి, తన దేశపు భాష తిగ్రిన్యా మాట్లాడేవాళ్ళకి ఆ భాషలోనే చెబుతుంది.

మొన్న ఒకాయన వచ్చాడు, చేపల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. సివ్ చెప్పిందంతా విని, "పోరాడితే గెలుస్తామంటారా?" అని అడిగాడు.

"తెలీదు" అంది సివ్. "ఓడిపోవచ్చు. కానీ వాళ్ళకి తేలిగ్గా ఉండకూడదు."

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. సివ్ అప్పటికే తర్వాతి మనిషి ఉత్తరం కోసం చెయ్యి చాచింది.