సీతమ్మ జాకెట్టు

కోరుట్ల దగ్గరి ఆ ఊళ్లో స్వర్ణలత కుట్టిన జాకెట్టు చంక కింద పిగిలిందన్న మాట ఎవరూ వినలేదు. ఆమెకు పని నేర్పినవాళ్లు లేరు. పాత జాకెట్ల కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్లీ కుట్టి నేర్చుకుంది. మొగుడు మహిపాల్ దుబాయిలో ఉంటాడు. బడిపిల్లల యూనిఫారాల బట్ట సిరిసిల్ల నుంచి ఆమే మోటారుబండి మీద తెచ్చుకునేది. ఒకసారి చీరకొంగు వెనక చక్రంలో చుట్టుకుని వేములవాడ రోడ్డు మీద పడింది. లేచి, కొంగు కోసేసి, ఇంటికొచ్చి మహిపాల్ పాత ప్యాంటు నడుము కుదించి తొడుక్కుంది.

దాంతో ఊరి మర్యాద ప్రమాదంలో పడింది. గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు మొగిలి లుంగీ మోకాళ్ల పైకి మడిచి, ఆడవాళ్లు ఎట్లా కనపడాలో చాలాసేపు చెప్పాడు. కమిటీలో చదువుకున్న దివాకర్ మాత్రం ముందుచూపు చూశాడు.

"ఒక్క ఆడోళ్ల మీదనే కట్టు పెడితె కేసైతదన్నా. ఇద్దరికీ పెడుదాం. సమానంగ ఉంటది."

సమానత్వం అందరికీ నచ్చింది. మగవాళ్ల బట్టలు ఆడవాళ్లు, ఆడవాళ్ల బట్టలు మగవాళ్లు తొడగరాదని కట్టు పెట్టారు. తొడిగితే జరిమానా, అది చెల్లించకుంటే వెలి. డప్పు కొట్టించారు.

స్వర్ణలత చీర కట్టుకునే వెళ్లి, వరసకు బావయ్యే మొగిలిని అడిగింది. "బడులు తెరిచేసరికి బట్టలు ఇయ్యకుంటె మళ్ల నాకు పని ఇయ్యరు బావా."

"ఆటోల తెచ్చుకో" అన్నాడు మొగిలి. ఆటో కిరాయికి కుట్టుకూలి చాలదు. బండి మూలకు పడింది, మిషను ఖాళీగా ఉంది.

వారం తిరక్కుండా మొగిలే వచ్చాడు, చంకలో ఎర్ర పట్టుగుడ్డతో. ఏటా ఎండాకాలం ఊళ్లో చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ చిరుతల రామాయణం ఆడతారు. ఎప్పటినుంచో సీత వేషం మొగిలిదే. మీసం కూడా తీయించి వచ్చాడు. ఏటేటా ఒళ్లు చేస్తున్న ఆ సీతకు జాకెట్టు కుదరడం స్వర్ణలత చేతిలోనే ఉంది.

"జల్ది కుట్టు మరదలా. ఎల్లుండే కల్యాణం."

"ఎవలికి బావా?"

"నాకే. ఏందే, కొత్తగ అడుగుతున్నవ్?"

"మొగోడు జాకెట్టు తొడిగితె జరిమానా గద. డప్పు నువ్వే కొట్టిస్తివి."

"అది ఆట!"

"నాది పని. ఆటకు మాఫీ, పనికి జరిమానానా?"

"దేవుని పనికి అడ్డం పడుతున్నవ్."

"నేనెందుకు పడుత? ప్యాంటంగీ మీదనే రాముని మెడల దండెయ్యి. మర్యాద దక్కుతది."

మొగిలి కోరుట్లకు పోయి కుట్టించుకున్నాడు. ఆ జాకెట్టు మోచేతి దగ్గరే ఆగిపోయింది. కమిటీ మళ్లీ కూర్చుంది. ఆటకు మాత్రం మినహాయింపు ఇద్దామన్నాడు దివాకర్. అట్లయితే జాకెట్టు కూడా దివాకరే కుడతాడని స్వర్ణలత కబురు పంపింది. రాముడి వేషం వేసే వెంకటికి కోపం వచ్చింది. "సీత లేకుంటె నేనెవల్ని చేసుకోవాలె? కట్టు తీసెయ్యుండ్రి!"

కల్యాణం రోజు పొద్దున్నే డప్పు మోగింది. కట్టు మొత్తానికే రద్దయింది. ఆ చాటింపు తన చెవులతో విన్నాకే స్వర్ణలత మిషను ముందు కూర్చుంది. కోపం కుట్టులోకి రానివ్వలేదు. చంక కింద ఎప్పటిలాగే రెండు వరసలు వేసింది.

జాకెట్టు తొడిగి, పట్టుచీర కట్టి సీత సిద్ధమయ్యేసరికి పందిట్లో చిరుతలు మోగుతున్నాయి. ఆ చీరలో అడుగు పడటం లేదు. స్వర్ణలత ప్యాంటు వేసుకుని బండి బయటికి తీసింది.

"ఎక్కు బావా. సిరిసిల్లకే పోతున్న, పందిరికాడ దింపుత."

సీత ఒక పక్కకు తిరిగి కూర్చుంది. బండి కదిలింది.

"కొంగు జాగ్రత్త. చక్రంల పడుతది."

మొగిలి కొంగు మొత్తం ఒళ్లోకి గుంజుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మెల్లగ పోనియ్యే" అన్నాడు.