కౌంటీ చుట్టూ నీలం రంగు

హాబ్సన్‌విల్‌లో మా వంటింట్లో మొక్కజొన్న పొత్తులు ఉడికే వాసన వస్తే, మా మేనమామ నవ్విన నవ్వు గుర్తొచ్చి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు మేం ఈ దీవుల దేశంలోనే, మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో ఉండేవాళ్లం. బంధువులున్న ఊరి గురించి చార్ట్ వేసి తెమ్మని స్కూల్లో చెప్పారు. మావయ్య అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం నడుమ ఒక కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి చోట, ఉండేవాడు. అక్కడ మొక్కజొన్న, గోధుమ పండుతాయని, పశువులను పెంచుతారని, చూడటానికి పాత రైళ్ల మ్యూజియం ఉందని రాశాను. చార్ట్ మీద అతికించిన మ్యాపులో ఆ కౌంటీ ఒక్కటే ఉంది, చుట్టూ అంతా తెలుపు. నేనెరిగిన నేల ఎటు వెళ్లినా సముద్రం దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆ తెలుపంతా నీలం పెన్సిల్‌తో నింపి, ధాన్యం మోయడానికి ఒక ఫెర్రీ పడవ కూడా వేశాను.

ఆ వారమే మావయ్య మా ఇంటికొచ్చాడు. భోజనానికి పిలిచిన వాళ్లందరి ముందూ చార్ట్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఏం కోడలు పిల్లా, మా కౌంటీని ముంచేశావే. మేం బీచ్ చూడాలంటే రోజంతా డ్రైవ్ చేయాలి."

అందరూ నవ్వారు. అమ్మ మెల్లగా, "చెరిపేసెయ్" అంది.

"చెరపను. ఈ తెల్లగా ఉన్నదేంటో మావయ్యని చెప్పమను."

"పక్క కౌంటీ" అన్నాడు.

"దాని పక్కన?"

"ఇంకో కౌంటీ."

"దాని తర్వాత?"

"ఇంకోటి" అనేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

మావయ్య భీమిలిలో సముద్రం పక్కనే పెరిగినవాడు. ఆ నవ్వు ఎందుకాగిందో ఇప్పుడు నాకు తెలుసు. అయినా అందరి ముందూ నవ్వినందుకు ఆయన సారీ ఇంకా చెప్పలేదు.