మా బావికి మందు వేసిన మనిషి

మందాయన పోయారన్న కబురు పాలమనిషి మోసుకొచ్చింది. పాలు కొలుస్తూ, "అదేనండి అమ్మగారూ, బావుల్లో ఎర్రమందేసే ఆయన. ఎ.కొండూరు అవతల ఏదో ఊళ్ళో వాంతులూ విరోచనాలూ పట్టుకుని పోయాడంట," అని, నా మొహం చూసి కొలత ఆపింది. మిగతాది తరవాత తెలిసింది. ఆ ఊళ్ళో కలరా అని వినగానే సైకిలేసుకుని వెళ్ళి మూడు రోజులు అక్కడే ఉన్నారట. వెంట తీసుకెళ్ళిన కాచిన నీళ్ళు మొదటి రోజే అయిపోయాయి. ఎండలో తిరిగి దాహమేసి, ఎవరో దోసిట్లో పోసిన నీళ్ళు తాగారట. ఇన్నేళ్ళుగా తిరువూరు చుట్టుపక్కల బావులకి మందు వేసిన మనిషి మందు పడని నీళ్ళతో పోయారు. మా వీధివాళ్ళు దీన్ని విధి అంటున్నారు. వాళ్ళు అన్నిటినీ అలాగే అంటారు, సుఖంగా ఉంటుంది.

ఆయన ఏ పెద్ద డాక్టరూ కాదు. జిల్లా బోర్డు కింద టీకాలు వేయడం, బావుల్లో మందు వేయడం ఆయన ఉద్యోగం. ఊరి చివర పేటలో పుట్టి, మిషను బళ్ళో చదువుకున్న క్రైస్తవుడు. మేమో, కొట్లూ మిల్లులూ ఉన్న వర్తక కుటుంబాలం. మా వీధిలో ఉన్న బావి అందరిదీ అని చెప్పుకుంటాం. అందరూ అంటే మేమే.

కాబట్టి ఆయన మా బావితాడు ముట్టకూడదు. సైకిలు గోడకి ఆనించి, చెప్పులు అక్కడే విడిచి, బావి గట్టుకి పది అడుగుల దూరంలో నిలబడేవారు. మా ఇళ్ళలోంచి ఒకరు వచ్చి బకెట్టుతో నీళ్ళు తోడి ఆయన ముందు పెట్టాలి. ఆయన సీసాలోంచి ఎర్రమందు పలుకులు, బకెట్టుకి చెయ్యి తగలకుండా, పైనుంచి రాల్చేవారు. నీళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగేవి. ఆ బకెట్టు మళ్ళీ మేమే బావిలోకి దించి ముంచి లేపాలి. "ఇంకో నాలుగుసార్లు కుదపండమ్మా, అడుక్కి దిగాలి," అని ఆయన దూరం నుంచి చెప్పేవారు. చంటిపిల్లకి మరొకరి చేత పాలు పట్టిస్తున్న తల్లిలా ఆయన చేతులు గాలిలో కదిలేవి.

వీధిలో అందరూ ఆయన్ని "ఏమోయ్" అనేవాళ్ళు. నేను "మీరు" అనేదాన్ని. మా నాన్నగారు బడిపంతులు, నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. వీధిలో పేపరు పైకి చదివి వినిపించేది నేనే. మందాయనని మీరు అనడమే పెద్ద సంస్కరణ అనుకుని చాలా ఏళ్ళు తృప్తిగా బతికాను.

ఆయనకి తోడిపెట్టే మనిషి కావాలి కదా. అందుకని ముందురోజు మధ్యాహ్నం మా గుమ్మం ముందుకొచ్చి చెప్పి వెళ్ళేవారు. "అమ్మగారూ, రేపు పొద్దున మందేస్తానండి. ఎవరైనా ఒక మనిషి ఉండేట్టు చూడండి." నేను ఆ మాట వీధంతా చాటేదాన్ని.

చాటిన అరగంటకి ఎదురింటి వదిన బిందెలతో బయల్దేరేది.

"రేపట్నించీ ఆ రంగునీళ్ళతో దేవుడికి నైవేద్యం పెట్టమంటావా వదినా? పప్పులో పోస్తే వంకాయ రంగు తిరుగుద్ది. పట్టి పెట్టుకుంటే మూడ్రోజులకి దిగులుండదు."

"నిజమే," అనేదాన్ని నేను.

నా చదువు అంతవరకే ఉపయోగపడింది. సాయంత్రం దాకా వీధి వీధంతా తోడేది. గంగాళాలు, కాగులు, బిందెలు, పిల్లలు స్నానం చేసే తొట్టెతో సహా నిండేవి. మర్నాడు మందాయన వచ్చి మందు వేసేవారు. "రంగు విరిగేదాకా ఓపిక పట్టండమ్మా, ఆ తరవాత నిర్భయంగా తాగండి," అని చెప్పి వెళ్ళేవారు. మేము ఓపిక పట్టేవాళ్ళం, ముందురోజు తోడిపెట్టుకున్న నీళ్ళు తాగుతూ. మందంతా బావి తాగింది. మేము మాత్రం పాత నీళ్ళే తాగాం. ఏటా ఇదే. ఏటా వీధిలో ఒకరో ఇద్దరో పోయేవాళ్ళు. ఎదురింటి వదిన మందులోనే ఏదో దోషముందనేది. నాకూ అలాగే అనిపించిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

మూడేళ్ళ కిందటి వేసవిలో నా కూతురి కూతురు మా దగ్గర ఉంది. ఆరేళ్ళది. నెమలి ఊరి తిరునాళ్ళలో కొన్న గాజులు చేతికి వదులని మోచేతి దాకా ఎగదోసుకునేది. మందు వేసిన మర్నాడు పొద్దున్న దానికి కలరా పట్టుకుంది. దీపాలవేళకి గాజులు నేనే తీశాను.

మూడో రోజున మందాయన వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆయన చూపు పెరట్లోకి పోయింది. మూతపెట్టిన గంగాళం కనిపించింది.

"ఆ నీళ్ళు ఎప్పటివండి?"

"మీరు మందేస్తానన్న రోజున పట్టినవే. ప్రతిసారీ అంతేగా," అన్నాను.

"ప్రతిసారీనా?"

"వీధి అంతానూ."

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. "నేనేనండి ముందుగా చెప్పింది. ఊరూరా ముందే చెప్పానండి," అన్నారు. నేను తప్పు మీది కాదనలేదు. ఆ రోజు నాకు అలా అనబుద్ధి కాలేదు. తరవాత అందామనుకున్నాను.

పది రోజులు పోయాక మళ్ళీ వచ్చారు. ఆయన నన్ను జన్మలో అడిగింది ఒక్కటే. "అమ్మగారూ, ఇంక నేను ముందుగా చెప్పనండి. కాకపోతే చెప్పకుండా వస్తే తోడేవాళ్ళు ఉండరు. తాడు నన్నే వేసుకోనిస్తే తెల్లారేలోగా వచ్చి మందేసి పోతాను. ఎవరి బిందే నిండదు. మీరొక మాటంటే ఈ వీధి వింటది."

"చూద్దాం లెండి," అన్నాను.

కాదనడానికి మంచివాళ్ళు వాడే మాట అది. ఆయనకి తెలుసు. తలవంచి, "సరేనండి," అని సైకిలెక్కారు. మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యనే అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. పేపర్లో ఆ వార్త వీధి అరుగు మీద కూర్చుని నేనే చదివాను. అందరూ బాగుందన్నారు. మా మరిది ఇంకోసారి చదవమన్నాడు. బావి అక్కడికి ఇరవై గజాలు, ఎవరూ అటు చూడలేదు. నేనూ చూడలేదు.

అప్పట్నించీ ఆయన చెప్పకుండా వచ్చేవారు. వచ్చి ఎవరో ఒకరు తోడేదాకా ఎండలో నిలబడేవారు. ఎదురింటి వదిన కిటికీలోంచి, "రేపు రావోయ్, ఇవాళ మడి," అనేది. నేను నడుం నొప్పితో మంచం మీద లేని రోజున వెళ్ళి తోడేదాన్ని. నా నడుం బాగాలేని రోజులే ఎక్కువ. గంటా రెండు గంటలు నిలబడి, సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయేవారు. ఒకసారి, "విసుగు రాదా మీకు?" అని అడిగితే, "నాకు చిక్కంతా తేటనీళ్ళతోనేనండి. మురికినీళ్ళయితే మీరే తాగరు, నాతో పనే లేదు," అని నవ్వారు. ఆ నవ్వులో నా మీద కోపం కోసం వెతికాను. ఉంటే బాగుండేది.

తాడు మీరే తీసుకోండి. మూడు మాటలు. వ్యాసాలు రాయగలిగిన దాన్ని, ఆ మూడూ అనలేకపోయాను. అన్నంత మాత్రాన వీధి వినేదని నమ్మకం లేదు. అనలేదన్నది మాత్రం ఖాయం. ఆయన పోయిన ఊళ్ళో కూడా ఇలాగే ఎవరో తోడతారని నిలబడి ఉంటారు. దాహమేసినా తోడుకునే వీలుండదు కదా. పోసినవాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు, నాలాగా.

ఆయన చోట్లోకి కొత్త మనిషి వచ్చాడు. ఆఫీసువాళ్ళు పద్ధతిగా, మందు వేస్తామని ముందురోజే తప్పెట వేయిస్తున్నారు. నిన్న మధ్యాహ్నం వేయించారు. పట్టిన నీళ్ళు తాగొద్దని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పాను. నా వెనక ఎదురింటి వదిన, "పాపం, మనవరాలు పోయిన దగ్గర్నించీ ఇంతే," అంది. ఇంటికొచ్చేసరికి మా కోడలు గంగాళం నింపి పెట్టింది. నేను వంచేశాను. "అలాగే అత్తయ్యా," అని, నేను కాళ్ళు కడుక్కునేలోగా మళ్ళీ నింపింది. చీకటి పడేదాకా గిలక ఆగలేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరుగుల మీద నిండు బిందెలు వరసగా కూర్చున్నాయి. ఒక్కొక్కదాని మూతి మీదా, దుమ్ము పడకుండా, ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ.