మోకాలి కట్టు

మా బట్టల దుకాణంలో గల్లాపెట్టె పైన గోడకు ఒక ఫోటో ఉంటుంది. పన్నెండు మంది అమ్మాయిలం రెండు వరుసల్లో నిలబడి ఉంటాం. ఒంటి మీద దేశం పేరున్న బనీన్లు, కింద మడమల దాకా నీలం పైజామాలు. ఆ పైజామాలు మేమెవరం వేసుకోలేదు. చౌరస్తాలోని ఫోటో స్టూడియో ఆయన కుంచెతో వేసినవి.

మన దేశపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు పరాయి దేశంలో అంత పెద్ద పోటీకి వెళ్ళడం అదే మొదలు. వరంగల్ బజారులో పుట్టిన నేను అందులో ఉన్నానంటే నాకే నమ్మకం కలిగేది కాదు. పొడవు తప్ప నాలో ఇంకేం చూశారోననుకునేదాన్ని. శిక్షణ క్యాంపులో అందరూ కబుర్లాడుకుంటుంటే నేను మంచం మీద నవల తెరుచుకుని కూర్చునేదాన్ని. తీరా వెళ్ళాక, అక్కడ ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. నేను చాలావరకు బెంచీ మీదే ఉన్నాను. చివరి ఆటలో మా కెప్టెన్ అక్క జారిపడి మోకాలు చీరుకుపోయింది. మా జట్టుతో డాక్టరు ఎవరూ రాలేదు. నేనే సంచిలోంచి గుడ్డపట్టీ తీసి బిగించి కట్టాను. బట్టల దుకాణం పిల్లను కదా, గుడ్డ చుట్టడం చేతికి అలవాటైన పని. అక్క ఆ కాలితోనే ఆట అయ్యేదాకా పరుగెత్తింది. ఈ ఫోటో ఆట అయిన వెంటనే తీసినది.

ఇంటికి రాగానే దాన్ని పుస్తకాల మధ్య దాచాను. ఓడి వచ్చిన సిగ్గు ఒకటి, నిక్కరు కింద తొడల దాకా కనిపిస్తున్న నా కాళ్ళ సిగ్గు ఒకటి. ఆడుతున్నప్పుడు ఎన్నడూ గుర్తురాని కాళ్ళు, కాగితం మీద కదలకుండా నిలబడేసరికి చూడలేకపోయాను. ఒకరోజు నాయనమ్మ పుస్తకాల దుమ్ము దులుపుతుంటే ఫోటో బయటపడింది.

"ఓ యవ్వ! గిదేం వేషమే? గిట్లనేనా దేశాలు తిరిగొచ్చింది?"

బాపు మాత్రం ఫోటోను చాలాసేపు చూశాడు. "మీ బిడ్డ విమానమెక్కిందట గదా సేటూ" అని దుకాణానికి వచ్చినవాళ్ళంతా అడుగుతుండేవారు. ఫోటో గోడకు పెట్టాలని ఆయన ఆశ. పెడితే బజారంతా నవ్వుతుందని భయం. స్టూడియోకు తీసుకెళ్ళి నా ఒక్కదానికి పైజామా వేయమన్నాడట.

"ఒక్క పిల్లకే ఏస్తే అందరు ఆ పిల్లనే చూస్తరు సేటూ" అన్నాడట స్టూడియో ఆయన. దాంతో బాపు పన్నెండు మందికీ వేయించుకొచ్చాడు.

ఫోటో గోడకెక్కిన రోజు నాకు మొదట హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకే తరువాత మరింత సిగ్గేసింది. ఆ వైపు తిన్నగా తలెత్తి చూడటం మానుకున్నాను. నన్ను మళ్ళీ క్యాంపుకు పంపుతాడో లేదో బాపు తేల్చి చెప్పలేదు. నోరు తెరిచి అడగడం నాకు రాదు. డైరీలో మాత్రం రోజూ అడిగేదాన్ని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో కెప్టెన్ అక్క సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చి దుకాణం మెట్లెక్కింది. బాపు కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు. అక్క కూర్చోలేదు. గోడ వైపే చూస్తూ నిలబడింది. నాకు తానుల వెనక్కి పోయి దాక్కోవాలనిపించింది.

"అరే, ఏందే ఇది? బ్యాండుమేళం పోరగాండ్ల లెక్కున్నం గదనే మనం!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టింది. నవ్వు ఆగిపోయింది.

"నా కట్టేదీ?"

"ఏం కట్టు బిడ్డా?" అన్నాడు బాపు.

"ఏం లేదంకుల్. క్యాంపు షురువైతాంది. మీ అమ్మాయిని పంపుతరా అని అడగనీకి వచ్చిన."

బాపు ముఖం వెలిగింది. "పంపుత. గని జర నా మాట వినాలె." అల్మారాలోంచి నీలం తాను లాగి బల్ల మీద దొర్లించాడు. అచ్చం ఫోటోలోని రంగు. "మంచి టెరికాటన్. టీమందరికీ నేనే కుట్టిపిస్త, పైస వద్దు. గివ్వి ఏస్కొని ఆడుండ్రి."

ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అంటున్నాడు. అందుకే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వేమంటవే?"

నేల వైపే చూస్తూ అన్నాను. "అక్క మోకాలికి దెబ్బ తాకింది బాపూ. కట్టు నేనే కట్టిన. గంత దూరం పోయి నేను చేసిన పని గదొక్కటే. అది గీ రంగు కింద పోయింది." ఆ వెంటనే, "నేను నిక్కరే ఏస్కుంట" అన్నాను.

బాపు పరిచిన గుడ్డను మెల్లగా తిరిగి చుట్టసాగాడు. చుట్టడం అయిపోయాక అక్కను అడిగాడు.

"ఏ కాలు?"

"ఎడమది అంకుల్."

మర్నాడు ఫోటో మళ్ళీ స్టూడియోకు వెళ్ళింది. రంగు గీకితే కింది బొమ్మ కూడా పోతుందన్నాడట స్టూడియో ఆయన. బాపు పక్కనే కూర్చుని, అక్క ఎడమ మోకాలి దగ్గర పైజామా పైనుంచే తెల్లటి కట్టు వేయించుకొచ్చాడు.

నేను క్యాంపుకు వెళ్ళాను. సంచి సర్దుకుంటుంటే బాపు వచ్చి గడపలో నిలబడ్డాడు. పైనున్న నిక్కర్లను చూసి, చూపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.

ఫోటో ఇప్పటికీ అక్కడే ఉంది. మార్కెట్లో పత్తి అమ్ముకుని బట్టలకొచ్చే రైతులు సోడా తాగుతూ దాన్నే చూస్తారు.

"గా పిల్లకు మోకాలికి ఏమైంది సేటూ?"

"దెబ్బ తాకింది. కట్టు మా బిడ్డనే కట్టింది" అంటాడు బాపు, గొంతు పెంచి.

"పైజామా మీదికెల్లా?"

నేను తానుల వెనకే ఉంటాను. బాపు మీటరు కర్ర అందుకుని, ఎంత గుడ్డ కావాలని అడుగుతాడు.