ఎడమంటే కుడి

ఎవరి కాలో బెణికితే తప్ప నాకు ఫోన్ రాదు. పదేళ్ళు దాటింది, నా బతుకు ఇదే. బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు బర్మాలో, మా యాంగన్‌లో జట్లున్న కంపెనీల వాళ్ళంతా ఒక హోటల్ హాల్లో కూర్చుంటారు. ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచి పంచుకుంటారు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. మొదట్లో నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాణ్ణి. నా పేరు ఎవరూ పిలవలేదు. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేశాను. పిలవకపోవడానికి హోటలైతేనేం, ఇల్లైతేనేం. ఇంట్లో టీ అయినా వేడిగా దొరుకుతుంది.

అలా మిగిలిపోయినవాళ్ళం ఊళ్ళో కొంతమందిమి ఉన్నాం. సీజన్ మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే మమ్మల్ని పిలుస్తారు. సిమెంటు కంపెనీ జట్టులో ఒకడికి చీలమండ వాస్తే నేను వెళ్ళాను. బ్యాంకు జట్టులో ఒకడికి కామెర్లొస్తే నేను వెళ్ళాను. వాడు కోలుకుని రాగానే నా చేతికి ఒక పండ్ల బుట్ట ఇచ్చి, భుజం తట్టి పంపేశారు. ఎవడైనా పడ్డాడని కబురొస్తే మా ఆవిడ "పాపం" అంటుంది. అంటూనే నా సాక్సులు వెతుకుతుంది. ఇంకొకడి నొప్పి మీద తింటున్న అన్నం ఇది. మొదట్లో సిగ్గేసేది. తర్వాత ఆ సిగ్గుకి కూడా ఓపిక లేకపోయింది.

మా తాత అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు, మా నాన్న రేవులో మోశాడు. నేను బంతి పట్టుకుని తిరుగుతుంటే మా నాన్నకి భలే నవ్వొచ్చేది. "ఏటిరా, బస్తా కన్నా తేలికేనా?" అని అడిగేవాడు. తేలికే నాన్నా అనేవాణ్ణి. ఇప్పుడు పొద్దున లేచి నడుం పట్టుకుని గోడ దాకా నడిచేటప్పుడు ఆ జవాబు మార్చుకోవాలనిపిస్తుంది, కానీ ఆయన లేడు. ఆట లేని రోజుల్లో ఊళ్ళోనే సంచౌంగ్‌లో మా బావ టైల్స్ దుకాణంలో కూర్చుంటాను. టైల్స్ పెట్టెలు కూడా బరువే.

నేను పొట్టివాణ్ణి, పైగా నెమ్మది. నాకున్నదల్లా నోరు. పాయింట్ గార్డ్ అంటే బంతిని ముందుకి తీసుకెళ్ళి, ఎవరు ఎటు పరిగెత్తాలో అరిచి చెప్పేవాడు. నేను చూసి చెప్పగలను, సమయానికి చెప్పగలను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదని నాకూ తెలుసు, నన్ను పిలిచేవాళ్ళకీ తెలుసు.

ఈమధ్య ఊళ్ళో కుర్రాళ్ళు దొరకడం లేదు. పాస్‌పోర్టు చేతికొచ్చినవాడు వచ్చినట్టే విమానం ఎక్కేస్తున్నాడు. అందుకే ఈ వయసులో కూడా ఒక జట్టు నుంచి నాకు పిలుపొచ్చింది. ఆ జట్టు కోచ్ నాకంటే ఒకట్రెండేళ్ళు పెద్ద. ఇక్కడ కోచ్‌ని సయా అంటారు, మాస్టారూ అన్నట్టు. మొదటివారం ప్రాక్టీసులో కరెంటు పోయి జెనరేటర్ వేసే లోపల ఆయన నా పక్కన కూర్చుని, "ఆడుతూ ఏదో గొణుగుతుంటావు, అదేమిటి?" అన్నాడు. తెలుగు సయా, నన్ను నేను తిట్టుకుంటాను అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, ఆలోచనలో పడ్డాడు. మేం బర్మీస్‌లో ఏం అరిచినా అవతలి జట్టుకి తెలిసిపోతుంది. ఇంగ్లీషు అంకెలూ తెలుసు, వేళ్ళ సైగలూ తెలుసు. తెలుగు ఎవరికి తెలుసు?

అలా జట్టంతటికీ నాలుగు మాటలు నేర్పాను. ఎడం, కుడి, పైకి, ఆగు. ఎడం అంటే అందరూ ఎడమ మూలకి కదలాలి, నేను చూడకుండానే బంతి అటు విసురుతాను. కొండల మీంచి వచ్చి, బుట్ట కింద ఆడే మా పొడుగు సెంటర్ 'కుడీ' అని రాగం తీసేవాడు. గురి తప్పినప్పుడల్లా నేను 'ఛీ' అంటుంటే అది ఐదో మాట అనుకుని ఒకడు వెనక్కి పరిగెత్తేవాడు. నాకు బాగుండేది. మా ఇంట్లో, గుడి దగ్గర, పెళ్ళిళ్ళలో తప్ప ఎక్కడా పనికిరాని భాష, కోర్టు మీద నలుగురు మనుషుల్ని పరిగెత్తించేది. వరసగా గెలిచాం. సయా ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, వచ్చే ఆట కూడా గెలిస్తే యజమాని నన్ను సొంత ఆటగాడిగా రాయించుకుంటానన్నాడని చెప్పాడు. ఈ సీజనూ వచ్చే సీజనూ. డ్రాఫ్టుతో పనిలేదు, ఎవరి కాలూ విరగక్కర్లేదు. నా వయసువాడికి ఇంకోసారి ఇలాంటి మాట రాదు, అది సయాకీ తెలుసు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "నిజమేటి?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. తర్వాత, "అయితే ఇంక ఒకల దెబ్బలికి ఎదురుసూడక్కర్నేదు," అంది. ఆ సంగతి తనని కూడా ఇన్నాళ్ళూ పీడించిందని నాకప్పుడే తెలిసింది.

ఆట రోజు అవతలి జట్టులో నా ఎదురుగా ఒక కొత్త గార్డు నిలబడ్డాడు. ఇరవై దాటి ఉంటాయేమో, సన్నగా, చామనఛాయగా ఉన్నాడు, ఎడంచేతి వాటం. మొదటి క్వార్టర్లో నేను ఎడం అనగానే వాడు నాకంటే ముందే ఎడమకి దూకి బంతి లాక్కున్నాడు. అదృష్టం అనుకున్నాను. కుడి అన్నాను, కుడికి దూకాడు. మళ్ళీ అలాగే. ఎవడో మావాడే మాటలు అమ్మేశాడని కూడా అనుకున్నాను, పాపం.

బంతి బయటికి పోయి ఆట ఆగినప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వాడివైపు చూడకుండా, గాలిలోకి అన్నట్టు, "ఒరే, లేసూడిపోనాది సూడు!" అన్నాను. వాడు చటుక్కున వంగి తన బూట్లు చూసుకున్నాడు.

మనోడు! ఒక్క క్షణం నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. కోర్టు మధ్యలో నిలబడి నవ్వాను. ఇన్నేళ్ళలో ఏ జట్టులోనూ ఇంకో తెలుగువాడు నాకు ఎదురుపడలేదు. ఆ తర్వాత స్కోరు బోర్డు చూశాను. నవ్వు పోయింది.

టైమౌట్ తీసుకున్నాం. సయాకి సంగతి చెప్పాను. మాటలు మానేద్దామా అన్నాడు ఆయన. వద్దు సయా, తిప్పేద్దాం అన్నాను. ఎడం అంటే కుడికి వెళ్ళండి, కుడి అంటే ఎడమకి వెళ్ళండి. వాడు అర్థం చేసుకుని తప్పు వైపు పోతాడు. మా వాళ్ళు నీళ్ళు తాగుతూ తలూపారు. "మాకేముంది అకో, నువ్వెలా చెబితే అలా," అన్నాడు సెంటర్. అకో అంటే అన్నయ్య. సయా ఒక్కొక్కణ్ణీ అడిగాడు, గుర్తుంటుందా, గుర్తుంటుందా అని. నన్ను అడగలేదు. నన్ను అడగాలని ఎవరికి తడుతుంది? అది నా భాష.

పథకం పనిచేసింది. నేను ఎడం అని కుడికి బంతి వేస్తే వాడు ఎడమకి దూకి, ఖాళీ చేతులతో వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఇంట్లోవాళ్ళు అబద్ధం చెబితే చూసే చూపు అది. నేను మొహం తిప్పుకున్నాను. కానీ ప్రతి మాటా నోట్లోంచి ఎత్తి బయట పెట్టాల్సి వస్తోంది. కుడికి వెయ్యాలి, కాబట్టి ఎడం అనాలి. కాళ్ళ కన్నా ముందు తల అలిసిపోయింది. మా వాళ్ళు మాత్రం హాయిగా పరిగెడుతున్నారు. వాళ్ళకవి ఉత్త చప్పుళ్ళు, ఈల ఊదినట్టు.

చివరికి ఇంకొక్క బుట్ట పడితే గెలిచేంత దగ్గరికి వచ్చాం. బంతి నా దగ్గరే ఉంది. జనం అరుస్తున్నారు, సమయం కరిగిపోతోంది. ఎడమ మూల ఖాళీ. అంత స్పష్టంగా ఖాళీ నేనెప్పుడూ చూడలేదు. నా నోరు నన్ను అడగలేదు. "ఎడం!" అని అరిచాను. చూడకుండా, మామూలుగా ఎప్పుడూ వేసినట్టు, ఎడమకి వేశాను.

మా నలుగురూ కుడికి వెళ్ళారు. చక్కగా, చెప్పినట్టుగా, ఒక్కడు కూడా తప్పకుండా. బంతి ఎడమ మూలలో ఎవరూ లేని చోట ఒకసారి నేల తాకి, గీత దాటి, నీళ్ళ డబ్బాకి కొట్టుకుని ఆగింది. ఆ కుర్రాడు కూడా ఎడమకే దూకాడు, కానీ బంతి వాడికీ అందలేదు. అందక్కర్లేకపోయింది.

చివరి ఈల మోగింది, ఓడిపోయాం. సెంటర్ నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, ఆశ్చర్యం అంతే. "ఎడం అన్నావు కదా అకో. కుడికే వెళ్ళాను," అన్నాడు. అవును, నువ్వు సరిగ్గానే వెళ్ళావు అన్నాను. ఇంకేం చెప్పను? నువ్వు నేర్చుకున్నావు కాబట్టి తిప్పగలిగావు, నాకు అవి పాలతో వచ్చాయి కాబట్టి తిప్పలేకపోయాను అని బర్మీస్‌లో చెప్పేంత ఓపిక నాకా పూట లేదు.

బయట మెట్ల మీద ఆ కుర్రాడు నా కోసం ఆగి ఉన్నాడు. ఊరి చివర ఇన్సేన్‌లో ఉంటాడట, అమ్మమ్మ పెంచిందట. చెప్పిందంతా బర్మీస్‌లోనే చెప్పాడు. తెలుగు మాట్లాడలేడు, వింటే తెలుస్తుంది. ఎడం అన్న మాట ఎలా పట్టుకున్నావని అడిగాను. వాడు గొంతు మార్చి అమ్మమ్మలా, "ఎడం సేత్తో తినకురా!" అన్నాడు. వాడికి తెలుగులో తడుముకోకుండా వచ్చింది ఆ ఒక్క మాటే. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత వాడు, "నా లేసు ఊడలేదు," అన్నాడు. ఊడలేదు అన్నాను. పైనుంచి సయా దిగి వస్తున్నాడు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది. యజమాని నా బదులు మాండలే నుంచి ఒక గార్డుని రప్పిస్తున్నాడట. సయా నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మంచివాడు.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఏటయ్యింది? మొకం అలగుందేటి?" అంది. చెప్పాను. అంతా విని, "నీకు అబద్దం ఆడ్డం సేతకాదు, అదే నీ జబ్బు," అంది. మెచ్చుకుందో తిట్టిందో అడగలేదు. అన్నం పెట్టింది, తిన్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నిద్ర కూడా రాలేదు. ఒంట్లో ఎక్కడా నొప్పి లేకుండా అంత అలసట ఉంటుందని నాకు తెలియదు.

సీజన్‌లో మిగిలిన ఆటల్లో ఒకదానికి టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది, కానీ దుకాణంలో కూర్చోబుద్ధి కాలేదు. బుట్ట వెనక చవక సీట్లలో చోటు దొరికింది. మా వాళ్ళు అవతలి బుట్ట వైపు దాడికి వెళ్ళేటప్పుడు వాళ్ళ వీపులు కనిపిస్తాయి అక్కణ్ణుంచి. వాళ్ళ ఎడమా నా ఎడమా ఒకటే. మాండలే గార్డు బంతి తీసుకెళ్తూ, "ఎడాం!" అని అరిచాడు. నలుగురూ కుడికి పరిగెత్తారు, బంతి కుడికి వెళ్ళింది, బుట్టలో పడింది. ఒకసారి తిప్పిన మాటల్ని మళ్ళీ తిప్పే పని ఎవరూ పెట్టుకోలేదు. తప్పు మాటల్ది కాదు కదా, వాటిని అరిచినవాడిది.

వాళ్ళు బాగా ఆడుతున్నారు. ఎడాం అని వినిపించినప్పుడల్లా నా ఒళ్ళు ఎడమకి ఒరిగిపోతోంది. నా ఎడంపక్కన కూర్చున్న బర్మీస్ పెద్దాయన మొదట సర్దుకుని జరిగాడు. మళ్ళీ ఒరిగితే మళ్ళీ జరిగాడు. చివరికి నా మోచెయ్యి మెల్లగా పట్టుకుని కుడివైపు చూపించి, "బంతి అటుంది, బాబూ," అన్నాడు.

అవునండీ అన్నాను. మళ్ళీ ఎడాం అని వినిపించింది. నేను ఎడమవైపే చూశాను.